సముద్రంలో దిగే హిమానీనదాల కింద నీళ్ళు ఎటు పోతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో పిల్లలకు హిమానీనదాల గురించి చెప్పేటప్పుడు, తీరం వెంట మత్స్యకారులతో, రొయ్యల రైతులతో మాట్లాడేటప్పుడు మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలివి. వీలైనంతవరకు వాళ్ళు అడిగిన మాటల్లోనే ఉంచాను. కొన్ని జవాబులు పొడుగు, కొన్ని పొట్టి.

ఇంత ఎండల్లో బతికే మనకు ఆ మంచు గోల ఎందుకు సార్?

తీరంలో ఉన్నాం కాబట్టి. గ్రీన్‌లాండ్ మంచు ఎంత వేగంగా సముద్రంలోకి జారుతుందో దాన్నిబట్టి మైపాడు దగ్గర, కొత్తపట్నం దగ్గర కూడా సముద్రమట్టం మారుతుంది. ఆ వేగంలో మంచు కింద పారే నీళ్ళకు పెద్ద వాటా ఉంది. తీరం లెక్క కింద విడిగా చెప్తాను. అదేమీ లేకపోయినా తెలుసుకోదగ్గ విషయమే అని నా ఉద్దేశం.

అసలు మంచు అడుగున నీళ్ళెక్కడివి? అక్కడింకా గట్టిగా గడ్డకట్టి ఉండాలి కదా?

కొన్నిచోట్ల గడ్డకట్టే ఉంటుంది. చాలాచోట్ల ఉండదు. భూమి లోపలి నుంచి నిరంతరం కొంచెం వేడి పైకి వస్తుంటుంది. పైన కిలోమీటరు మందం మంచు ఉంటే ఆ వేడి బయటికి పోలేక అడుగునే మంచును కరిగిస్తుంది, ఏడాదికి ఐదారు మిల్లీమీటర్లు. మంచు రాతి మీద రాసుకుంటూ కదులుతుంది కాబట్టి రాపిడి వేడి కూడా ఉంటుంది. వేగంగా జారే చోట దానివల్ల ఏడాదికి సెంటీమీటర్లలో కరుగుతుంది. దీనికి తోడు పైబరువు ఒకటి. కిలోమీటరు మంచు కింద కరిగే ఉష్ణోగ్రత సున్నా కంటే సుమారు 0.7 డిగ్రీలు తగ్గుతుంది.

ఇదంతా ఏడాది పొడవునా సాగే చిన్న లెక్క. గ్రీన్‌లాండ్‌లోనూ, అలాస్కాలోనూ, నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోనూ వేసవిలో మంచు ఉపరితలం మీద కరిగే నీళ్ళ ముందు ఇది లెక్కలోకే రాదు. అసలు కథ ఆ పైనీళ్ళు కిందికి దిగడంతో మొదలవుతుంది.

కిలోమీటరు మందం మంచులోంచి నీళ్ళు కిందికి ఎలా దిగుతాయి?

నీరు మంచు కంటే బరువు. ఘనమీటరు మంచు 917 కిలోలుంటే, నీళ్ళు 1,000 కిలోలు. మంచులో ఒక బీట పడి అది ఖాళీగా ఉంటే, చుట్టూ ఉన్న మంచు బరువు కొంత లోతులోనే దాన్ని నొక్కి మూసేస్తుంది. అదే బీట నిండా నీళ్ళుంటే, లోపలి నుంచి నీళ్ళు తోసే బలం బయటి నుంచి మంచు నొక్కే బలాన్ని మించిపోతుంది. బీట చీలుతూ చీలుతూ అడుగు దాకా పోతుంది. కావలసిందల్లా పైన సరిపడా నీళ్ళ నిల్వ.

దీన్ని ప్రత్యక్షంగా కొలిచారు. 2006 జూలైలో పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో, మంచు పైన ఏర్పడ్డ 5.6 చదరపు కిలోమీటర్ల చెరువు ఒకటి సుమారు గంటన్నరలో ఖాళీ అయిపోయింది. కింద 980 మీటర్ల మంచు ఉంది. నీళ్ళు దిగిన వేగం నయాగరా జలపాతం సగటు ప్రవాహం కంటే ఎక్కువ. ఆ నీళ్ళు అడుగుకు చేరగానే అంత మందం మంచు మీటరుకు పైగా పైకి లేచి, మళ్ళీ కూర్చుంది. జీపీఎస్ పరికరాలు అక్కడ పెట్టి ఉంచారు కాబట్టి తెలిసింది. కిలోమీటరు మందం మంచును నీళ్ళు ఎత్తగలవన్న మాట విన్నప్పుడు పిల్లలు నమ్మరు. నమ్మకపోవడం సహజమే.

ఒకసారి దారి పడ్డాక అది నిట్టనిలువు బావిలా మిగిలిపోతుంది. దాన్ని మూలాన్ అంటారు. ఆ వేసవంతా చుట్టుపక్కల వాగులన్నీ అందులోకే దూకుతుంటాయి.

అడుగుకు చేరిన నీళ్ళు పల్లానికే పోతాయి కదా?

ఎప్పుడూ కాదు. మంచు కింద నీళ్ళు ఒత్తిడిలో ఉంటాయి. ఒత్తిడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతాయి. మంచు మందంగా ఉన్నచోట ఒత్తిడి ఎక్కువ, పల్చనైన చోట తక్కువ. రోనాల్డ్ ష్రీవ్ అనే శాస్త్రవేత్త 1972లో దీనికి లెక్క కట్టాడు. నీళ్ళ ఒత్తిడి పైనున్న మంచు బరువంత ఉన్నప్పుడు, దారిని తేల్చడంలో అడుగునున్న నేల వాలు కంటే పైన మంచు ఉపరితలం వాలుకు సుమారు పదకొండు రెట్లు ఎక్కువ బలం ఉంటుంది. మంచు పైభాగం సముద్రం వైపు వాలి ఉంటే, కింద నేల ఎదురు ఎక్కుడుగా ఉన్నా నీళ్ళు ఆ మెట్టెక్కి పోతాయి. లోతైన గుంటల మీదుగా కూడా హిమానీనదాల కింది నీళ్ళు సముద్రానికి చేరేది ఇలాగే.

అక్కడ కాలువలు ఉంటాయా? ఉంటే అంత బరువుకు మూసుకుపోవా?

ఉంటాయి, మూసుకుపోతాయి కూడా. రెండూ ఒకేసారి జరుగుతుంటాయి.

కాలువలో పారే నీళ్ళు రాపిడితో కొంచెం వేడి పుట్టిస్తాయి. ఆ వేడి కాలువ గోడల్ని, కప్పును కరిగించి వెడల్పు చేస్తుంది. మరోవైపు మంచు గట్టి పదార్థమే అయినా, అంత బరువు కింద మెల్లమెల్లగా సాగి కాలువను నొక్కేస్తుంది. ఈ రెండూ ఎక్కడ సమానమైతే కాలువ అంత సైజులో నిలుస్తుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన హన్స్ రోత్లిస్‌బెర్గర్ 1972లో ఈ లెక్కను ప్రచురించాడు. మంచులోకి అర్ధవృత్తాకారంలో కోసుకుపోయే అలాంటి కాలువలను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కింద రాతిలో కోసుకున్న కాలువలకు బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త జాన్ నై పేరు ఉంది.

రోత్లిస్‌బెర్గర్ లెక్కలో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. స్థిరంగా పారుతున్నప్పుడు పెద్ద కాలువలో ఒత్తిడి చిన్న కాలువలో కంటే తక్కువ. అందుకని పక్కనున్న చిన్న కాలువల నీళ్ళు పెద్దదాంట్లోకే వచ్చి చేరతాయి, అది ఇంకా పెద్దదవుతుంది. వేసవి ముదిరేకొద్దీ చాలా చిన్న దారులు పోయి కొన్ని పెద్ద కాలువలు మిగులుతాయి.

కాలువలు ఇంకా తయారుకాని రోజుల్లో ఏర్పాటు పూర్తిగా వేరు. రాతి గడ్డల వెనక, మంచు పూర్తిగా ఆనని చోట చిన్న చిన్న బొరియలు ఉంటాయి. వాటిని కలుపుతూ సన్నని సందులు. వీటిలో ఒత్తిడి ఎక్కువ, ప్రవాహం తక్కువ. బార్‌క్లే కాంబ్ 1987లో ఈ అల్లికను వివరించాడు. ఇందులో పైన చెప్పినదానికి తలకిందులుగా, నీళ్ళు ఎక్కువ వస్తే ఒత్తిడి పెరుగుతుంది.

నీళ్ళు ఎక్కువైతే జారుడు ఎక్కువ. ఇందులో ఇంత ఆలోచించేదేముంది?

అందరూ ముందు అలాగే అనుకున్నారు. జే జ్వాలీ బృందం 2002లో గ్రీన్‌లాండ్ మంచు వేసవి కరుగుదలతోపాటు వేగం పుంజుకుంటుందని చూపించినప్పుడు, ఎండ పెరిగితే మంచంతా జారి సముద్రంలో పడుతుందేమోనన్న టెన్షన్ మొదలైంది.

జారుడును తేల్చేది నీళ్ళ పరిమాణం కంటే నీళ్ళ ఒత్తిడి. మంచు తన బరువుతో రాయిని నొక్కుతుంది, నీళ్ళు ఎదురు తోస్తాయి. ఆ రెంటి తేడా ఎంత తగ్గితే మంచుకు రాతిపట్టు అంత సడలుతుంది. వేసవి మొదట్లో నీళ్ళు హఠాత్తుగా వచ్చిపడితే, సన్న సందులు వాటిని మొయ్యలేక ఒత్తిడి పెరుగుతుంది, మంచు వేగం అందుకుంటుంది. నెలా రెండు నెలల్లో పెద్ద కాలువలు తయారవుతాయి. అప్పుడు అంతకంటే ఎక్కువ నీళ్ళు వచ్చినా గబగబా బయటికి పోతాయి, ఒత్తిడి పడిపోతుంది, మంచు నెమ్మదిస్తుంది. కొన్నిచోట్ల వేసవి చివర్లో వేగం చలికాలం కంటే తక్కువకు దిగుతుంది.

పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో నేల మీదే ముగిసే ఒక పెద్ద ప్రాంతాన్ని ఉపగ్రహ చిత్రాలతో పరిశీలించి 2015లో ప్రచురించిన ఫలితం ఇంకా ఆశ్చర్యం. 1985–94తో పోలిస్తే 2007–14 నాటికి కరిగే నీళ్ళు దాదాపు సగం పెరిగాయి, సగటు వేగం మాత్రం సుమారు 12 శాతం తగ్గింది.

ఇది విని “అయితే భయం లేదన్నమాట” అనే వాళ్ళుంటారు. ఆ ప్రాంతం నేల మీద ముగిసేది అన్న మాట మర్చిపోవద్దు. గ్రీన్‌లాండ్‌లో వేగంగా జారే పెద్ద హిమానీనదాలన్నీ సముద్రంలో ముగిసేవే.

సముద్రంలో ముగిస్తే ఏం మారుతుంది? నీళ్ళు బయటికి పోవడమే కదా?

ఈ పేజీలో ముఖ్యమైన ప్రశ్న ఇదే.

మన పెన్నా ఊటుకూరు దగ్గర సముద్రం మట్టంలోనే కలుస్తుంది. సముద్రంలో ముగిసే హిమానీనదం కింది నది అలా కలవదు. అది సముద్రం అడుగున, కొన్నిచోట్ల వందల మీటర్ల లోతులో బయటపడుతుంది. 500 మీటర్ల లోతులో ఉన్న కాలువ నోటి మీద సముద్రం దాదాపు 50 వాతావరణ పీడనాల బలంతో నొక్కుతుంటుంది. ఆ బలాన్ని మించితే తప్ప లోపలి నీళ్ళు బయటికి రాలేవు. కాబట్టి లోపల ఒత్తిడి ఎప్పుడూ దానికంటే కిందికి దిగదు, కాలువ ఎప్పుడూ ఖాళీ కాదు.

చిన్న లెక్క చూడండి. 600 మీటర్ల మందం మంచు అనుకుందాం. నేల మీద ముగిసే హిమానీనదంలో వేసవి చివర్లో కాలువ సగం ఖాళీగా పారుతుంటే, నీళ్ళ ఒత్తిడి దాదాపు సున్నా. ఆ కాలువ దగ్గర మంచుకూ నీటికీ మధ్య తేడా సుమారు 53 వాతావరణ పీడనాలు. అదే 600 మీటర్ల మంచు 500 మీటర్ల లోతు సముద్రంలో నిలబడి ఉంటే, ఆ తేడా మూడున్నర మాత్రమే. మంచు ఇంకో 40 మీటర్లు పల్చబడితే తేడా సున్నా, అంటే తేలిపోతుంది.

దీనివల్ల రెండు ఫలితాలు. హిమానీనదం సముద్రాన్ని తాకే ముందుభాగం దగ్గర పెద్ద కాలువలు వచ్చినా ఒత్తిడి పడిపోవడానికి ఒక హద్దు ఉంది. నేల మీది హిమానీనదాలను శాంతపరిచే ఏర్పాటు ఇక్కడ అంత గట్టిగా పనిచెయ్యదు. రెండోది, మంచు కొంచెం పల్చబడినా, ముందుభాగం కొంచెం విరిగినా పట్టు ఒక్కసారిగా సడలుతుంది. అందుకే పశ్చిమ గ్రీన్‌లాండ్‌లోని యాకబ్స్‌హావెన్ లాంటి వాటి వేగాన్ని వేసవి నీళ్ళ కంటే ముందుభాగం ఎక్కడ నిలిచిందన్నదే ఎక్కువ నడిపిస్తుంది. 2012 వేసవిలో అది రోజుకు 46 మీటర్ల దాకా కదిలింది. అన్నీ ఒకేలా ఉండవు. కొన్ని కరుగుదల మొదలవగానే వేగం అందుకుని వేసవి చివరికి నెమ్మదిస్తాయి. కొన్ని అసలు ముందుభాగాన్ని తప్ప దేన్నీ పట్టించుకోవు.

బయటికొచ్చిన మంచినీళ్ళు ఆ లోతులోనే ఉండిపోతాయా?

ఉండవు. రొయ్యల చెరువు చేసేవాళ్ళకు ఈ జవాబు ముందే తెలుసు. పెద్ద వాన పడితే మంచినీరు పైన తేలి, ఉప్పునీరు కిందే ఉండిపోతుంది, కలపడానికి ఏరియేటర్లు తిప్పాలి. సెలినిటీ తక్కువున్న నీరు తేలిక. ఇక్కడ తేడా ఏమిటంటే, ఆ తేలిక నీరు పైనుంచి పడకుండా సముద్రం అడుగున పుడుతుంది. పుట్టీ పుట్టగానే మంచు గోడను ఆనుకుని నిలువునా పైకి దూసుకుపోతుంది. దీన్ని ప్లూమ్ అంటారు. పైకి పోతూ చుట్టూ ఉన్న ఉప్పునీటిని తనలో కలుపుకుంటుంది. సముద్రపు పైమట్టానికి చేరేసరికి అందులో అసలు మంచినీటి వాటా చాలా తక్కువ.

గ్రీన్‌లాండ్ ఫియోర్డుల్లో, అంటే కొండల మధ్య లోపలికి చొచ్చుకొచ్చిన లోతైన సముద్రపు పాయల్లో, అడుగునున్న నీరే వెచ్చన. అట్లాంటిక్ నుంచి వచ్చే ఆ నీరు ఉప్పు ఎక్కువ కాబట్టి కిందికి దిగి ఉంటుంది. రెండు నుంచి నాలుగు డిగ్రీలు అంటే మనకు చలి. మంచుకు మాత్రం చాలా వేడి. ప్లూమ్ ఆ వెచ్చని నీటిని లాగి మంచు గోడకు రుద్దుతుంది. గోడ కింది భాగం లోపలికి కోసుకుపోతుంది, పైభాగం ఆధారం లేక విరిగి పడుతుంది. మూడు కిలోమీటర్ల వెడల్పున్న గోడలో ఎక్కడ కాలువ నోరుందో అక్కడ లోపలికి వంపు పడటం చాలాచోట్ల కనిపిస్తుంది.

ప్లూమ్ లేనిచోట గోడ పెద్దగా కరగదని కొన్నాళ్ళు అనుకున్నారు. అలాస్కాలోని లెకాంట్ హిమానీనదం ముందు పడవల నుంచి సోనార్‌తో కొలిచి 2019లో ప్రచురించిన ఫలితాలు ఆ నమ్మకాన్ని కదిపాయి. నీటి కింద కరుగుదల సిద్ధాంతం చెప్పినదానికంటే చాలా ఎక్కువ, కొన్నిచోట్ల వంద రెట్ల దాకా.

పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు లోపలికి ఎక్కదా?

ఎక్కుతుంది. మంచు నేలను వదిలి తేలడం మొదలుపెట్టే గీత ఆటుపోట్లతో ముందుకూ వెనక్కూ కదులుతుంది. గ్రీన్‌లాండ్‌లోని పీటర్‌మన్, అంటార్కిటికాలోని థ్వెయిట్స్ హిమానీనదాల దగ్గర ఆ కదలిక కొన్ని కిలోమీటర్ల మేర ఉందని ఉపగ్రహ రాడార్లు చూపించాయి. ఆ మేరకు వెచ్చని ఉప్పునీరు మంచు కిందికి దూరుతోందన్నమాట. పాత మోడళ్ళలో ఇది లేదు.

చలికాలంలో ఆగిపోతుందా?

పైనుంచి వచ్చేది ఆగుతుంది. అడుగున కరిగేది, లోపల నిలవున్నది చలికాలమంతా కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. పెద్ద కాలువలు ఈలోగా సాగిన మంచుకు నలిగి మూసుకుపోతాయి. మళ్ళీ వేసవికి మొదటినుంచి తయారవ్వాలి.

అక్కడ చేపలు పడతాయా? ఆ బురదనీళ్ళు చేపలకు మంచివేనా?

కొత్తపట్నంలో ముందు అడిగేది ఇదే. పడతాయి. ప్లూమ్ పైకి తెచ్చే నీటిలో రాతిపిండి కలిసి మబ్బుగా, గోధుమ రంగులో ఉంటుంది, దానికి దగ్గర్లో వెలుతురు అందదు. కానీ ఆ నీటితోపాటు అడుగునున్న నైట్రేట్లు పైకొస్తాయి. బురద తేరుకున్నాక కాస్త దూరంలో, వెలుతురు ఉన్న పొరలో నాచు లాంటి సూక్ష్మజీవులు విపరీతంగా పెరుగుతాయి. వాటిని తినే జీవులు, వాటి మీద చేపలు. సముద్రంలో ముగిసే హిమానీనదాలున్న ఫియోర్డుల్లో ఈ ఉత్పత్తి వేసవంతా సాగుతుందనీ, నేల మీద ముగిసేవి ఉన్నచోట సాగదనీ గ్రీన్‌లాండ్‌లో పోల్చి చూశారు. గ్రీన్‌లాండ్ మత్స్యకారులకు ముఖ్యమైన హాలిబట్ చేపకు ఈ ఫియోర్డులు మంచి చోటు. పక్షులకూ తెలుసు. స్వాల్‌బార్డ్‌లో ప్లూమ్ పైకి తేలే చోట కిట్టివేక్ పక్షులు గుంపులుగా వాలి, పైకి కొట్టుకొచ్చిన చిన్న జీవుల్ని ఏరుకుంటాయి.

హిమానీనదం వెనక్కి జరిగి నేల మీదికి పోతే ఈ ఎత్తిపోత ఆగిపోతుంది. కరిగే నీళ్ళు పైనే పరుచుకుంటాయి, అడుగు ఎరువు అడుగునే ఉంటుంది.

కంటికి కనిపించని చోటు సంగతి ఎలా చెప్తున్నారు?

రకరకాలుగా. వేడినీటితో మంచులో బోరు వేసి ఒత్తిడి కొలుస్తారు. మూలాన్‌లో రంగు గానీ, గుర్తుపట్టగల వాయువు గానీ వదిలి, బయట ఎంతసేపటికి తేలిందో చూస్తారు. కాలువల్లో ఉరికే నీళ్ళు నేలలో సన్నని ప్రకంపన పుట్టిస్తాయి, భూకంప లేఖినులు దాన్ని పట్టుకుంటాయి. రాడార్‌తో మందం కొలుస్తారు. సముద్రంలో ముగిసేవాటితో చిక్కేమిటంటే, కాలువ నోటి దగ్గరికి మనిషి పోలేడు. పైనుంచి ఎప్పుడు మంచుకొండ విరిగి పడుతుందో తెలియదు. అందుకే మనిషి లేని పడవలు వాడుతున్నారు.

ఇందులో మన వాటా కూడా ఉంది. స్వాల్‌బార్డ్‌లో భారత్ 2008లో హిమాద్రి కేంద్రం తెరిచింది. దాని ముందున్న కోంగ్స్‌ఫియోర్డ్‌లోకి క్రోనెబ్రీన్ అనే హిమానీనదం దిగుతుంది. ఆ ఫియోర్డ్ నీటిలో 2014లో ఇండార్క్ అనే కొలమాన వ్యవస్థను దించి, వేర్వేరు లోతుల్లో ఉష్ణోగ్రత, ఉప్పుశాతం నమోదు చేస్తున్నారు. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండి ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళిన శ్రీహరికోట నుంచి 2025 జూలై 30న నిసార్ ఉపగ్రహం ఎగిరింది. ఇస్రో, నాసా కలిసి చేసిన ఆ రాడార్ ఉపగ్రహం పన్నెండు రోజులకోసారి అదే చోటికి వచ్చి, మంచు సెంటీమీటర్లలో కదిలినా గుర్తించగలదు. పులికాట్ ఒడ్డు నుంచి దాన్ని చూసిన పిల్లలకు ఈ మాట చెప్తే వెంటనే ఆసక్తి పుడుతుంది.

మన పెన్నాలో కూడా మంచు కరిగిన నీళ్ళున్నాయా? హిమాలయాల్లో ఇలాంటివి ఉన్నాయా?

పెన్నాలో లేవు. అది కర్ణాటకలోని నంది కొండల్లో పుడుతుంది, పూర్తిగా వానల మీద ఆధారం. కండలేరుకు వచ్చే తెలుగుగంగ నీళ్ళు కూడా పేరులో గంగే, నిజానికి కృష్ణావి. హిమాలయ హిమానీనదాలు ఏవీ సముద్రం దాకా రావు, కాబట్టి పైన చెప్పిన సముద్రపు ఒత్తిడి, ప్లూమ్ వాటికి వర్తించవు. కాలువలు, సందులు, మూలాన్లు మాత్రం అక్కడా ఉన్నాయి.

సరే, మైపాడుకు ఏమవుతుంది? సూటిగా చెప్పండి.

2002 నుంచి ఉపగ్రహాలు తూచిన లెక్క ప్రకారం గ్రీన్‌లాండ్ ఏడాదికి సగటున సుమారు 270 గిగాటన్నుల మంచు కోల్పోతోంది (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు). 360 గిగాటన్నులు పోతే ప్రపంచ సముద్రమట్టం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే గ్రీన్‌లాండ్ వాటా ఏడాదికి సుమారు ముక్కాలు మిల్లీమీటరు. సముద్రం వేడెక్కి వ్యాకోచించడం, మిగతా హిమానీనదాలు, అంటార్కిటికా అన్నీ కలిపి ఇప్పుడు ఏడాదికి సుమారు 4 మిల్లీమీటర్లు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. గ్రీన్‌లాండ్ మంచు అంత బరువుగా ఉంది కాబట్టి చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాక్కుంటుంది. మంచు తగ్గేకొద్దీ ఆ లాగుడు తగ్గి, దాని దగ్గర సముద్రం దిగుతుంది, దూరంగా ఉన్న ఉష్ణమండల తీరాల్లో సగటు కంటే ఎక్కువ పెరుగుతుంది. దూరంగా ఉన్నాం కదా అన్న ధీమా పనికిరాదు.

అలాగని రేపే ఊరు మునుగుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. తుఫాను ఉప్పెన వచ్చినప్పుడు అది ఏ మట్టం నుంచి మొదలవుతుందన్నదే తీరానికి లెక్క. చెరువు గట్ల ఎత్తు, బోరుల్లోకి ఉప్పునీరు రావడం లాంటివి ముందు తెలుస్తాయి.

నీళ్ళ వల్లే జారుతుంటే, మోటార్లు పెట్టి తోడేస్తే పోలా?

ఒక రొయ్యల రైతు అడిగితే పక్కనున్నవాళ్ళు నవ్వారు. నవ్వాల్సిన పని లేదు, శాస్త్రవేత్తలు కూడా దీన్ని ప్రతిపాదించారు. అడుగు నీళ్ళు తోడితే ఒత్తిడి తగ్గి, మంచు మళ్ళీ రాతిని పట్టుకుంటుందని ఆలోచన. అడుగును చల్లబరిచి గడ్డకట్టించాలన్న ప్రతిపాదన కూడా ఉంది.

నాకు ఇది సాధ్యమనిపించదు. పెద్ద కాలువ ఉన్నచోట నీళ్ళు వాటంతటవే పోతున్నాయి, అక్కడ తోడి లాభం లేదు. ఒత్తిడి ఎక్కువున్నది సన్న సందుల్లో, మట్టి పొరల్లో. అక్కడ ఒక బోరు ప్రభావం ఎంతో దూరం పోదు. చల్లని మంచులో వేసిన బోరు తిరిగి గడ్డకట్టకుండా నిత్యం వేడి చెయ్యాలి. పైగా సముద్రపు అంచున తోడితే, ఖాళీ అయిన చోటికి ఉప్పునీరే వచ్చి చేరవచ్చు. ఇలాంటి పనులకు తరచూ పేరు వినిపించే థ్వెయిట్స్ ముందుభాగం వెడల్పు సుమారు 120 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఉన్నంత. అంత మేర బోర్లు వేసి, మనుషులు ఏడాదిలో కొన్ని నెలలే ఉండగలిగే చోట వాటికి కరెంటు ఇవ్వాలి.